గడప దాకా వచ్చిన మందు

(ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం పాఠం)

వెనక గోడకానుకుని నిలబడ్డారు నర్సింగు విద్యార్థినులు. ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండమ్మా. ఈ రోజు చెప్పబోయేది మీ గురించే.

సుబ్బారావుగారి పేరు మీద మాట్లాడమంటే ఎవరైనా ఆయన సాధించినవాటి చిట్టా విప్పుతారు. 1895 జనవరి 12న ఈ భీమవరంలో పుట్టి, 1923లో బోస్టన్ వెళ్ళి, మళ్ళీ ఈ నేల తొక్కకుండానే 1948లో న్యూయార్కులో కన్నుమూసిన మనిషి ఆయన. ఫాస్ఫరస్ లెక్కగట్టే పద్ధతి, ఫోలిక్ యాసిడ్, క్యాన్సర్‌కి తొలి మందులు, టెట్రాసైక్లిన్ల కుటుంబం అన్నీ మీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. వాటి జోలికి నేను పోను. ఒక్క మాత్ర పట్టుకుని మాట్లాడతాను, ఎందుకంటే ఆరోగ్య శాఖలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ నా సంచిలో ఉన్నది అదే. హెట్రజాన్. బోదకాలు మాత్ర.

లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావుగారి అజమాయిషీలో ఆ మందు తయారై 1947లో లోకానికి తెలిసింది. పసిఫిక్ దీవుల్లో యుద్ధానికి వెళ్ళి ఫైలేరియా తగిలించుకున్న అమెరికా సైనికుల బాధ దానికొక కారణం. మన దేశంలో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. ఏడాదికోసారి ఊరందరికీ ఒకేసారి మాత్రలు మింగించే కార్యక్రమం 2004లో వచ్చింది. గోదావరి జిల్లాల్లో దీని గురించి తెలియని ఇల్లుండదు. రెండేళ్ళు దాటిన పిల్లలకి ఒకటి, ఆరేళ్ళ నుంచి రెండు, పదిహేను దాటితే మూడు. మాకు చెప్పిన నియమం ఒక్కటే. మాత్రలు ఇచ్చి రాకూడదు, మింగించి రావాలి.

వినడానికి చాలా తేలిక. గుమ్మంలోకి వెళ్ళి నిలబడితే ఇంటావిడ ఏమంటుంది? “అక్కడ పెట్టెళ్ళమ్మా, అన్నం తిన్నాక వేసుకుంటాం.” ఆవిడ అన్నదాంట్లో తప్పులేదు, ఆ మాత్ర పరగడుపున వేసుకోకూడదు కూడా. కానీ పెట్టెళ్తే అవి దేవుడి గూట్లోకో, టీవీ మీదకో పోతాయి, మరుసటేడు మళ్ళీ వెళ్ళేదాకా అక్కడే ఉంటాయి. అందుకని మా ఏఎన్ఎంలు ఆ వీధికి పొద్దున వెళ్ళి ముఖం చూపించి, మధ్యాహ్నం ఎవరింట్లో అన్నం పొయ్యి దిగిందో చూసుకుని మళ్ళీ వెళ్ళేవాళ్ళు. ఇలా రెండోసారి వెళ్ళమని ఏ సర్క్యులర్‌లోనూ రాసిలేదు.

కోవిడ్ రెండేళ్ళ గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు నాకు గుర్తొచ్చింది ఈ రెండో రాకే. ఆ రెండేళ్ళలో ఉత్తర్వులన్నీ పైన తయారయ్యాయి. వాటితో మనుషులు ఎలాగోలా బతకడానికి వీలు కల్పించినవాళ్ళు కిందున్నారు. మనం పడ్డ చిరాకులు, అవస్థలు చాలామటుకు ఈ రెంటికీ మధ్యనున్న దూరంలో పుట్టినవి. నేను చెప్పదలచుకున్నది అంతే.

2020 మార్చి 24, మంగళవారం రాత్రి 8 గంటలకు ప్రకటన వచ్చింది. ఆ అర్ధరాత్రి నుంచే దేశమంతా లాక్‌డౌన్ అన్నారు. నూట ముప్ఫై కోట్లమందికి దొరికిన వ్యవధి నాలుగు గంటలు. తెల్లారితే ఉగాది. వేపపువ్వు చెట్టునే ఉంది గనక సరిపోయింది, కొత్త బెల్లానికి, మామిడికాయకి కొట్టు తెరిచి ఉంటుందో లేదో తెలియదు. 21 రోజులన్నారు. ఏప్రిల్ 14 పోయి మే 3 వచ్చింది, అదీ పోయి 17, ఆ తర్వాత 31. గడువు జరిగినప్పుడల్లా జనం విసుక్కున్నది ఇంట్లో కూర్చోవలసి వచ్చినందుకు కాదని నా అభిప్రాయం. ఎన్నాళ్ళు కూర్చోవాలో తెలిస్తే మన జనం ఓర్చుకుంటారు. ఎప్పుడేం మారుతుందో తెలియకపోవడమే ప్రాణం తీసింది.

ఆ ఉగాది నాడు గరికపాడు దగ్గర జరిగింది గుర్తుందా? హైదరాబాదులో హాస్టళ్ళు మూసేస్తున్నాం, ఖాళీ చేయండి అన్నారు. ఉద్యోగాల పరీక్షలకి చదువుకునే పిల్లలు, చిన్న చిన్న ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు పోలీసు స్టేషన్ల ముందు బారులు తీరారు. ఊరెళ్ళడానికి పోలీసులు పాసులిచ్చారు. పిల్లలు ఆ కాయితం జేబులో పెట్టుకుని బైకుల మీద, కార్లలో బయల్దేరారు. జగ్గయ్యపేట దగ్గరి గరికపాడు చెక్‌పోస్టుకొచ్చేసరికి ఆంధ్ర పోలీసులు ఆపేశారు. పాసు తెలంగాణ పోలీసులది, గేటు ఆంధ్ర పోలీసులది. పాసిచ్చినవాళ్ళూ ఉత్తర్వు ప్రకారమే ఇచ్చారు, ఆపినవాళ్ళూ ఉత్తర్వు ప్రకారమే ఆపారు. వెనక్కి వెళ్దామంటే హాస్టలుకి తాళం. జాతీయ రహదారి మీద వందలమంది, పక్కపక్కనే, ఏ వైరస్ పేరు చెప్పి దూరంగా ఉండమన్నారో దానికి అంతకన్నా అనుకూలంగా ఎవరూ ఏర్పాటు చేయలేరు. ఇద్దరు ముఖ్యమంత్రులు ఫోన్లో మాట్లాడుకుంటేగానీ ముడి వీడలేదు. పరీక్షలు, క్వారంటైన్ అనే షరతుల మీద కొందరిని రానిచ్చారు. ఆపైన పాసులే ఆపేశారు.

గేటు దగ్గర నిలబడే మనిషికి ఎంత వెసులుబాటు ఉండాలన్నది ఇక్కడ పుట్టే ప్రశ్న. వెసులుబాటు ఇస్తే అందులో లాఠీ కూడా ఉంటుంది. ఆ రోజుల్లో పాల ప్యాకెట్టుకి వెళ్ళినవాడి వీపు మీదా పడింది, మందుల చీటీ చూపించినవాడి వీపు మీదా పడింది. అదే కానిస్టేబుల్ సాయంత్రం రోడ్డు వెంట నడిచిపోతున్న కూలీలకి తన భోజనం పొట్లం ఇచ్చిన సంగతీ విన్నాం. రెండూ నిజమే. అందుకే కిందివాళ్ళందరికీ హారతులు పట్టడానికి నేను రాలేదు. మార్చి 22న సాయంత్రం 5 గంటలకు చప్పట్లు కొట్టాం, పళ్ళేలు మోగించాం. ఆ వారంలోనే ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళని అద్దె ఇళ్ళు ఖాళీ చేయమన్న వార్తలూ పేపర్లలో చదివాం. ఏప్రిల్లో నర్సీపట్నం ఆసుపత్రి మత్తు డాక్టరొకరు మాస్కులు చాలడం లేదని బాహాటంగా అన్నందుకు సస్పెండయ్యారు. ఏప్రిల్ 22న ఆరోగ్య సిబ్బంది మీద దాడి చేస్తే ఏడేళ్ళ దాకా జైలని ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. దాన్ని 1897 నాటి అంటువ్యాధుల చట్టానికి అతికించారు. చప్పట్లకి ఆర్డినెన్సు అక్కర్లేదు, అద్దె ఇంటికి కావలసి వచ్చింది!

మన జిల్లా సంగతి వేరుగా చెప్పాలి. లాక్‌డౌనంటే పట్నంలో మనిషి ఇంట్లో కూర్చోవడం. ఇక్కడ చెరువులో రొయ్య కూర్చోదు కదా. మేత లారీ రావాలి, రోజూ మేత వెయ్యాలి, కరెంటు పోతే ఏరేటర్లకి డీజిల్ కావాలి. కౌంటుకొచ్చిన రొయ్యని పట్టాలంటే కూలీలు కావాలి, ఐసు కావాలి, ప్రాసెసింగ్ ప్లాంటులో మనుషులుండాలి. ఎగుమతి ఆగిపోయిందన్న మాట పుట్టగానే ధర పడిపోయింది, ప్రభుత్వం కౌంటువారీగా ధరలు ప్రకటించవలసి వచ్చింది. నిత్యావసర సరుకుల జాబితా రాసినవాళ్ళకి రొయ్యల మేత తట్టలేదు. దాన్ని అందులో చేర్పించడానికి రైతులు, ఫిషరీస్ వాళ్ళు ఫోన్ల మీద పడి ఏడ్చినంత పనిచేశారు. ఇలాంటి జాబితా ఏదైనా, రాసినవాడి ఇంటి చుట్టూ తిరుగుతుంది.

మిగతావి మీకందరికీ తెలిసినవే, ఎక్కువసేపు చెప్పను. హైస్కూలు మైదానంలోకి మారిన రైతుబజారు, ముగ్గుతో గీసిన గడులు, ఆ గడుల్లో మనుషులకి బదులు వరసగా సంచులూ చెప్పులూ. ఎవరికి ఫోన్ చేసినా ముందు వినిపించే దగ్గు, ప్రాణం మీదికొచ్చి అంబులెన్సుకి చేస్తున్నవాడికీ అదే దగ్గు. భర్త మెడ చుట్టూ తువ్వాలు కట్టి భార్య కత్తిరించిన జుట్టు. ఊరి పొలిమేరన అడ్డంగా పడేసిన ముళ్ళకంపలు, వాటికవతల సొంత ఊరివాళ్ళే. ఇంట్లో ఒక స్మార్టుఫోను, ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ పదింటికే క్లాసు. మే 4న మద్యం దుకాణాలు తెరిచి, ధర మొత్తం మీద 75 శాతం పెంచారు. అయినా తరగని వరసలు.

అందరి చిరాకూ ఒక్కటి కాదు, అది మాత్రం చెప్పాలి. వలస కూలీల తొలి శ్రామిక్ రైలు 2020 మే 1న మన తెలుగు నేల మీద నుంచే, లింగంపల్లి నుంచి జార్ఖండులోని హటియాకి బయల్దేరింది. అప్పటికి లాక్‌డౌన్ పెట్టి ఐదు వారాలు దాటింది. ఆ రైలు రాకముందే, ఏప్రిల్లో, తెలంగాణలో మిరప కోతకొచ్చిన 12 ఏళ్ళ పిల్ల ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకి నడిచి వెళ్తూ, ఇల్లు చేరువలోకొచ్చాక చనిపోయింది. గుజరాత్‌లోని వెరావల్‌లో చిక్కుకున్న మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు వేలమంది పడవల్లోనే పడుకుని, ఆఖరికి బస్సుల్లో ఇల్లు చేరారు. బోధన్ నుంచి ఒక టీచరమ్మ స్కూటీ మీద నెల్లూరు దాకా వెళ్ళి కొడుకుని వెంటబెట్టుకొచ్చింది. రానూపోనూ సుమారు 1,400 కిలోమీటర్లు. ఆవిడ దగ్గరున్నదల్లా బోధన్ పోలీసు అధికారి రాసిచ్చిన కాయితం. చూడండి, గరికపాడులో పనికిరానిది ఆవిడకి పనికొచ్చింది. దారిలో ఆపిన ప్రతివాడూ ఆవిడ చెప్పింది వినిపించుకున్నాడు. అంతే తేడా.

అంత్యక్రియలకి 20 మంది, పెళ్ళికి 50 మంది అన్నారు. పెళ్ళి వాయిదా వేసుకోవచ్చు. మన వీధిలోనే ఒక పెద్దావిడ పోతే అమెరికాలో ఉన్న కొడుకు ఫోన్లో చూశాడు. మామూలు అంతర్జాతీయ విమానాలు 2020 మార్చిలో ఆగి 2022 మార్చి 27 దాకా పూర్తిగా మొదలవలేదు. ఆ ఫోను పట్టుకుని నిలబడింది ఎవరనుకున్నారు? ఆశా కార్యకర్త. ఆవిడ డ్యూటీ జ్వరాల సర్వే.

ఇక టీకాకి వస్తాను.

హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్‌కి, పుణెలో తయారైన కోవిషీల్డ్‌కి 2021 జనవరి 3న అత్యవసర అనుమతులొచ్చాయి. 16న టీకాలు మొదలయ్యాయి. హెట్రజాన్ ఊరందరి నోటికి చేరడానికి దశాబ్దాలు పట్టింది, ఇది ఏడాదికే చేతికొచ్చింది. విజ్ఞానం సాధించినదాన్ని తక్కువ చేయను. కానీ మూడో దశ ఫలితాలు రాకముందే కోవాగ్జిన్‌కి అనుమతివ్వడంతో మొదట్లో అది వేయించుకునేవాళ్ళు అంగీకారపత్రం మీద సంతకం పెట్టవలసి వచ్చింది, కోవిషీల్డ్‌కి అక్కర్లేదు. ఒకదానికి సంతకం, ఇంకోదానికి లేదు, ఎందుకని అడిగితే జవాబు చెప్పవలసింది ఎవరు? ఢిల్లీ కాదు, బల్ల వెనకున్న ఏఎన్ఎం.

ఒక సీసా గురించి చెబుతాను. కోవిషీల్డ్ సీసాలో పది డోసులు, ఒక్కోటి అర మిల్లీలీటరు. అప్పటి నియమం ప్రకారం మూత గుచ్చాక నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలితే పారబోయాలి. వృథా శాతం పెరిగితే పైనుంచి తాఖీదు. కాబట్టి పదిమంది పోగైతేగానీ సీసా విప్పకూడదు. మొదట్లో భయానికి జనం రాలేదు. నాతో పనిచేసిన ఒక ఏఎన్ఎం అప్పట్లో సాయంత్రాలు ఫోన్ చేసి గోడు వెళ్ళబోసుకునేది. తొమ్మిదిమంది పొద్దుటి నుంచి బెంచీ మీద కూర్చుని ఉంటారు, అందరూ అరవై దాటినవాళ్ళు, షుగరు మాత్ర వేసుకునే వేళవుతుంది, అన్నాలు తినలేదు. పదో మనిషి రాడు. “మళ్ళీ రేపు రండి” అంటే ఆ తొమ్మిదిమందిలో రేపు నలుగురొస్తారు. విప్పితే ఒక డోసు పోతుంది. ఈ అమ్మాయి బెంచీ దగ్గర ఆశాని కూర్చోబెట్టి, తను వెళ్ళి టీకొట్టు దగ్గర, రచ్చబండ దగ్గర నిలబడేది. “మావయ్యా, నీ ఆధార్ కార్డు జేబులో ఉందా? ఒక్క పది నిమిషాలు రా” అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది. ఆ పదో మనిషి వల్ల మిగతా తొమ్మిదిమందికీ పడేది. టీకాల లెక్కల్లో ఈ నడక ఎక్కడా లేదు.

నైపుణ్యం ఉన్న చేతికి పదకొండో డోసు కూడా వస్తుంది. వృథాకి సరిపడా సీసాలో కాస్త ఎక్కువే పోస్తారు. 2021 మే మొదట్లో కేరళ చెప్పిన లెక్క ప్రకారం వచ్చిన డోసులు 73 లక్షల 38 వేలు, వేసినవి 74 లక్షల 26 వేలు. ప్రధాని కూడా మెచ్చుకున్నారు. ఆ మెప్పంతా సిరంజిలో గాలిబుడగ లేకుండా మందు లాగడం తెలిసిన నర్సులది.

ఏప్రిల్ వచ్చేసరికి కథ తిరగబడింది. రెండో ఉధృతిలో మనుషులు రాలిపోతుంటే, మొన్నటిదాకా రమ్మంటే రానివాళ్ళు తెల్లవారుజామునే ఊరి సచివాలయం ముందు నిలబడ్డారు. ఆక్సిజన్ అందక తిరుపతిలో మే 10న 11 మంది పోయారు. మే 5 నుంచి మధ్యాహ్నం 12 దాటితే రాష్ట్రమంతా కర్ఫ్యూ. ఇంకోపక్క కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చే నాటు మందు కోసం వేలమంది. దాన్ని చూసి నవ్వినవాళ్ళున్నారు, నేను నవ్వను. ఆసుపత్రిలో పడక లేదు, టీకా లేదు, అక్కడ మందు ఉంది, ఉచితం, చీటీ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. జనం అటు వెళ్ళారంటే ఇటు తలుపెలా ఉందో చూసుకోవాలి.

ఆ తలుపు పేరు కోవిన్. 18 నుంచి 44 ఏళ్ళ వయసువాళ్ళకి ఆన్‌లైన్ నమోదు తప్పనిసరి చేశారు. తెలుగుతో పాటు ప్రాంతీయ భాషలు అందులోకి వచ్చింది 2021 జూన్‌లో. ఓటీపీ మూడు నిమిషాలుండేది. ముసలివాళ్ళ పేరు ఎక్కించాలన్నా ఫోను నంబరు కావలసి వచ్చేది. ఊళ్ళో ముసలావిడ పేరు మీదున్న నంబరు హైదరాబాదులో కొడుకు దగ్గర ఉంటుంది. ఓటీపీ మియాపూర్ వెళ్తుంది, అతను మీటింగులో ఉంటాడు, ఈవిడ ఇక్కడ బల్ల ముందు నిలబడి ఉంటుంది. అప్పట్లో ఒక నంబరు మీద నలుగురిని చేర్చుకునే వీలుండేది గనక ఏఎన్ఎంలు, ఆశాలు, వాలంటీర్లు తమ నంబర్లూ, తమ ఇంట్లోవాళ్ళ నంబర్లూ ఇచ్చారు. రెండో డోసు వెయ్యకుండానే వేసినట్టు కొందరికి మెసేజీలొచ్చిన మాటా నిజమే. లక్ష్యాలు తరుముతుంటే వేలు తప్పుడు గడి నొక్కుతుంది, కొన్నిచోట్ల కావాలనే నొక్కిందేమో కూడా.

గడువుల గొడవ మరీ ఘోరం. కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య మొదట 4 వారాలన్నారు. మార్చిలో 6 నుంచి 8 అన్నారు. మే 13న 12 నుంచి 16 అన్నారు. ఎడం పెంచితే రక్షణ మెరుగని పరిశోధనలున్నాయి, అదే సమయానికి సరుకు కొరతా ఉంది. ఈ రెండు కారణాల్లో ఏది ఎంతో పైవాళ్ళు విడమరిచి చెప్పలేదు. “నాలుగు వారాలకి రమ్మన్నది నువ్వే కదే పిల్లా! ఇప్పుడు పొమ్మంటున్నదీ నువ్వే!” అని మామ్మగారు కేకలేస్తే, “నేను కాదు మామ్మగారూ, ఫోనులో పెద్దోళ్ళు మార్చారు, పేరు ఎక్కించబోతే తీసుకోవట్లేదు చూడండి” అని తెర చూపించేదట మా అమ్మాయి. మామ్మగారికి ఫోను కనబడదు, ఈ పిల్ల కనబడుతుంది. తిట్లు ఈ పిల్లకి.

మందొకటే, ధరలు మూడు. ఏప్రిల్లో ప్రకటించిన విధానంలో కోవిషీల్డ్ కేంద్రానికి 150 రూపాయలు, రాష్ట్రాలకి మొదట 400, తర్వాత 300, ప్రైవేటు ఆసుపత్రులకి 600. ఈ లెక్కని సుప్రీంకోర్టు తప్పుపట్టింది, జూన్ 21 నుంచి 18 దాటిన అందరికీ కేంద్రమే ఉచితంగా ఇచ్చింది. దానికి ముందురోజే, జూన్ 20న, మన రాష్ట్రంలో ఒక్కరోజే 13 లక్షలకు పైగా డోసులు వేశారు. సరుకు ఉంటే, పక్క ఊరి బడిలో బల్ల వేస్తే, మన యంత్రాంగం ఏం చేయగలదో ఆ రోజు తెలిసింది. మేలో పడ్డ తిప్పలన్నీ జనం అజ్ఞానం వల్ల కాదని కూడా తెలిసింది.

ఈ జిల్లా నుంచి కువైట్ వెళ్ళి ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళ ఊసు ఎవరూ ఎత్తరు. వాళ్ళకి ఏ టీకా వేశారన్నది ఉద్యోగానికి సంబంధించిన విషయం. కోవాగ్జిన్‌కి ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు 2021 నవంబరు 3న వచ్చింది. అప్పటిదాకా చాలా దేశాల గుమ్మంలో అది చెల్లలేదు. అమెరికా వెళ్ళే విద్యార్థుల గురించి పేపర్లు రాశాయి, వాళ్ళకోసం జూన్‌లో కోవిషీల్డ్ గడువు 28 రోజులకి తగ్గించారు, సర్టిఫికెట్టు మీద పాస్‌పోర్టు నంబరు వేశారు. ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకీ అది వర్తించింది. ఆ సంగతి కువైట్ వెళ్ళే మనిషికి చెప్పినవాళ్ళు ఎక్కడున్నారంటే, మళ్ళీ సబ్‌సెంటర్లోనే.

2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఆశా కార్యకర్తలకి పురస్కారమిచ్చింది. కోవిడ్ పనికి వాళ్ళకి అదనంగా ఇవ్వాలన్నది నెలకి వెయ్యి రూపాయలు. ఆ రెండు వాక్యాలూ పక్కపక్కనే పెట్టి ఊరుకుంటాను.

సుబ్బారావుగారు బోస్టన్‌లో చదువుకునే రోజుల్లో రాత్రిపూట ఆసుపత్రిలో బెడ్‌పాన్లు తీసే పనిచేసి పొట్టపోసుకున్నారు. ఆయన జీవితచరిత్ర రాసినవాళ్ళు దాన్ని కష్టాల అధ్యాయంలో పెట్టారు. ఆ పని ఆయనతో పాటు చేసినవాళ్ళు ఇంకొందరు ఉండి ఉంటారు, వాళ్ళకి అది అధ్యాయం కాదు, ఉద్యోగం.

అందుకని ఈ కాలేజీవారికి ఒక విన్నపం. 1918 ఇన్‌ఫ్లూయెంజాలో మన దేశంలో కోటిమందికి పైగా పోయారని అంచనా. గోదావరి పల్లెల్లో అప్పుడెలా గడిచిందని వెతికితే నాకు దొరికినవి చావుల అంకెలే, గంజి పోసినవాళ్ళ ఊసు దొరకలేదు. కోవిడ్ నాటి జ్వరాల సర్వే పుస్తకాలు, టోకెన్ల పుస్తకాలు, చేత్తో రాసిన డ్యూ లిస్టులు ఇంకా సబ్‌సెంటర్ల బీరువాల్లో ఉన్నాయి. బూజు దులిపే రోజున తూకానికి పోతాయి. ఈ వేసవిలో ఇద్దరిద్దరు చొప్పున వెళ్ళండి. అధికారుల అనుమతి తీసుకుని, జనం పేర్లూ ఆధార్ నంబర్లూ బయటికి రాకుండా, వాటిని ఫోటోలు తీయండి. రాసినావిడ పక్కన కూర్చుని మాట్లాడించి రికార్డు చేయండి. రిటైరైనవాళ్ళ ఇళ్ళకి నేను తీసుకెళ్తాను. ఎన్ని డోసులు వేశారని అడగకండి, అది కంప్యూటర్లో ఉంది. పదో మనిషి రాని రోజున ఏం చేశారో అడగండి.